అరువు హీటరు

తెలెసియా కత్తెర వాదరను రిబ్బను మీద ఒత్తిపట్టి ఒక్క లాగు లాగింది. రిబ్బను ఉంగరాల జుట్టులా చుట్టలు తిరిగి ఒళ్ళో పడింది. గాజుకాగితం పొడుగ్గా పరిచి, అందులో చాక్లెట్లు వరసగా పేర్చి, చాపలా చుట్టి, చాక్లెట్టుకీ చాక్లెట్టుకీ మధ్య రిబ్బను ముడి వెయ్యాలి. ముడి బిగిస్తే కాగితం చిరుగుతుంది, వదులైతే దండ జారుతుంది. శనివారం ఓటారా సంతలో ఈ మిఠాయి దండలు మెడలో వేసుకుని ఊగి చూసి మరీ కొంటారు సమోవా జనం. ఎవరో ఒకరి పుట్టినరోజు, ఎవరో ఒకరి పిల్ల పట్టా పుచ్చుకోవడం, ఎప్పుడూ ఉంటాయి.

పెద్ద మనవరాలు ఫెతూ దగ్గుతూనే ముడులు వేస్తోంది. చిన్నది లగీ చేతులు వెనక్కి కట్టుకుని చాక్లెట్ల గుట్టకేసి చూస్తోంది. మంచివి ముట్టుకోకూడదు, విరిగినవి తినొచ్చు అని ఇంట్లో కట్టుబాటు.

"అమ్మమ్మా, ఇది విరిగిందా?"

"నువ్వు విరగ్గొట్టకపోతే విరగలేదు."

లగీ ఇంకా దగ్గరికి వంగి చూసింది. "కొంచెం విరిగినట్టుంది."

"దానికి నోరు లేదు కాబట్టి సరిపోయింది. తిను."

అప్పుడు తలుపు చప్పుడైంది. వానకోటు వేసుకున్న తెల్లావిడ, అరవై ఏళ్ళుంటాయి, మెడలో పేరు బిళ్ళ. గడప అవతలే నిలబడి బూట్లు తుడుచుకుంటోంది, రమ్మనకముందే.

"నా పేరు డోరీన్ అండి. లెక్కల ఆఫీసు నుంచి వచ్చాను. మీకు ఉత్తరం వచ్చి ఉంటుంది. ఈ ఏడు అడిగే ఇళ్ళలో మీ ఇల్లు చీటీలో పడింది."

ఉత్తరం వచ్చింది. చాక్లెట్ల డబ్బా కింద ఉంది. ప్రభుత్వం ముద్ర ఉన్న కవర్లు తెలెసియా తొందరపడి విప్పదు.

"పిల్లల పేదరికం తగ్గిస్తామని ప్రభుత్వం మాటిచ్చింది కదండి. చట్టం కూడా చేశారు. తగ్గుతోందో లేదో తెలియాలంటే ఎవరో ఒకరు ఇళ్ళకెళ్ళి అడగాలి. ఒక గంట పైన పడుతుంది. ఎప్పుడు రమ్మంటారు?"

తెలెసియా నవ్వుతూ తలూపింది. ఆవిడ చెప్పినదాంట్లో రెండు మాటలే చెవిలో నిలిచాయి. ప్రభుత్వం, పిల్లలు.

"గురువారం," అంది. "స్కూలు వదిలాక రండి. భోజనానికి రండి."

"అయ్యో, భోజనం ఏమీ వద్దండి."

"అలాగే," అని నవ్వింది తెలెసియా. తలుపు వేసి దానికి వీపు ఆనించి నిలబడింది. వీధి మలుపులో ఆనా వాళ్ళిల్లు గుర్తొచ్చింది. అక్కడికీ ఇలాగే పేరు బిళ్ళ వేసుకున్న మనిషి నవ్వుతూ వచ్చాడు. పిల్లలు చలికి ముడుచుకుని ఒక్క పరుపు మీద పడుకుంటున్నారని రాసుకుపోయాడు. తరవాత కారు వచ్చి పిల్లల్ని ఎక్కించుకుపోయింది. ఆనా పిల్లల సైకిలు ఇప్పటికీ ఆ పెరట్లో గడ్డిలో పడి ఉంది.

ఇక్కడా అందరూ పరుపులు కలిపి వేసుకుని ఒక్కచోటే పడుకుంటారు. పడకగదుల్లో గోడలు నల్లగా బూజు పట్టి తడి ఓడుస్తుంటాయి, అందుకని చలికాలమంతా ముందుగదిలోనే. పిల్లల తల్లి ఫోను చేసి చాన్నాళ్ళయింది.

మర్నాడు వాన తెరిపివ్వగానే లుపే ఇంటికి నడిచింది. లుపే ఇల్లు మూడు గుమ్మాల అవతలే. కానీ ఈస్టరు వెళ్ళాక తెలెసియా ఆ గుమ్మం ఎక్కలేదు. లుపే మొగుడు చర్చి పెద్ద. ప్రతి ఆదివారం ఆయనే లేచి నిలబడి ఏ కుటుంబం ఎంత కానుక ఇచ్చిందో పేరు పేరునా పైకి చదువుతాడు. తన పేరు తరవాత ఆ చిన్న మొత్తం చదవబోతూ ఆయన కళ్ళజోడు సర్దుకోవడం ఒకసారి చూసింది తెలెసియా. ఆ తరవాతి ఆదివారం ఒంట్లో బాగాలేదంది. ఆ పైన చెప్పడం కూడా మానేసింది. ఎందుకు రావట్లేదని అడగడానికి వచ్చినవాళ్ళకి దీపం ఆర్పేసి ఇంట్లో లేనట్టు కూర్చుంది. ఇంకెవరూ రాలేదు.

లుపే వరండాలో కూర్చుని తెల్ల టోపీకి పౌడరు అద్దుతోంది. ఆదివారం టోపీ. మరక పడ్డచోట వేలితో మెత్తగా రుద్దుతూ, తలెత్తకుండానే అంది, "ఎవరమ్మా నువ్వు? ఈ వీధి మనిషివేనా?"

"నేనే అక్కా."

"తెలెసియావా. నువ్వు పోయావనుకుని పూలకి చందాలు వేసుకున్నాం. ఇప్పుడా డబ్బులు ఎవరికివ్వాలి?"

"నా దగ్గరే ఉంచుకుంటాలే. ఎప్పటికైనా పోవాల్సిందేగా."

లుపే నవ్వలేదు గానీ పక్కనున్న కుర్చీ కాలితో ఇవతలకి నెట్టింది. తెలెసియా కూర్చోలేదు.

"హీటరు కావాలి. గురువారం సాయంత్రానికి తెచ్చి ఇచ్చేస్తా. పిల్లల బూట్లు కూడా, రెండేసి జతలు. మీ మనవరాళ్ళవి."

"ఎవరొస్తున్నారేమిటి, పాదిరిగారా?"

"గవర్నమెంటు."

టోపీ మీద లుపే వేలు ఆగింది. తెలెసియా మొహంలోకి ఒకసారి చూసి లేచి లోపలికి వెళ్ళింది. హీటరు తెచ్చి వరండాలో పెట్టింది. బూట్లు తెచ్చింది. పూల దుప్పటి తెచ్చింది. అరటిపళ్ళ అత్తం తెచ్చింది. చివర్న గడ్డకట్టిన కోడిని తెచ్చి తెలెసియా చంకలో ఇరికించింది.

"ఇదెందుకక్కా, నేను కోడికాళ్ళు వండుదామనుకున్నా."

"కాళ్ళు పెడితే గవర్నమెంటు కాళ్ళే రాసుకుంటుంది. మొత్తం కోడిని పెట్టు." మెట్ల దాకా వచ్చి, "ఆదివారం వస్తావా?" అంది.

తెలెసియా చేతులు రెండూ నిండి ఉన్నాయి. ఆ వంకతో మెట్లు దిగి వచ్చేసింది.

గురువారం పొద్దున్నే గోడలు కడిగింది. బ్లీచింగు నీళ్ళలో గుడ్డ ముంచి పైనుంచి కిందికి రుద్దుతుంటే నల్లటి నీళ్ళు మోచేతుల దాకా కారాయి. ముక్కుకీ నోటికీ తువ్వాలు కట్టుకుంది. ముందుగదిలో పరుపులు ఎత్తి లోపలి గదుల్లో మంచాల మీద వేసి, ఎవరూ పడుకోని ఆ మంచాల మీద లుపే దుప్పటి ముడత లేకుండా పరిచింది. పరుపు కింద దాచిన సన్నచాప తీసి ముందుగదిలో వేసింది. తన పెళ్ళినాటిది. అంచున ఎర్ర ఈకలు కొన్ని రాలిపోయాయిగానీ మెత్తదనం పోలేదు. తరవాత పొయ్యి దగ్గర చేరింది. చేమదుంపలు చెక్కి ఉడకేసి కొబ్బరిపాలు పోసింది, కోడిని అల్లంతో ఉడికించింది, సేమ్యా సోయాలో వేయించింది, కోకో కాచింది. శనివారం దండలకి కొనాల్సిన చాక్లెట్ల డబ్బు ఈ పొయ్యి మీదే అయిపోయింది.

పిల్లలు రాగానే మొహాలు కడిగి, తలలు దువ్వి, ఎదురుగా నిలబెట్టుకుంది.

"ఆవిడ ఏమడిగినా ఏమని చెప్పాలి?"

"ఉంది అని," అంది లగీ.

"ఫెతూ?"

"ఉంది అని చెప్పాలి." ఫెతూ మరోవైపు చూస్తూ అంది. "దగ్గొస్తే?"

"వంటింట్లోకి పోయి దగ్గు."

డోరీన్ చెప్పిన వేళకి వచ్చింది. బూట్లు విప్పి, గుమ్మం పక్కన బారుగా పెట్టి ఉన్న పిల్లల బూట్ల చివర పెట్టింది. లోపలి వెచ్చదనం తగిలి ఆవిడ కళ్ళద్దాలు మసకబారాయి.

"కోటు తియ్యండమ్మా," అంది తెలెసియా. ఎంతో కాలంగా ఎవరితోనూ అనని మాట అది, అంటుంటే గొంతులో ఒకలాంటి సంతోషం పొంగింది. "మా ఇల్లు వెచ్చగానే ఉంటుంది."

కోటు అందుకుని మేకుకి తగిలించింది. డోరీన్‌ని బల్ల ముందు కూర్చోబెట్టి గిన్నెల మీద గుడ్డలు ఒక్కొక్కటే తీసింది. పిల్లలిద్దరూ అతిథి వెనకాల చేతులు కట్టుకుని నిలబడ్డారు. పెద్దవాళ్ళు తిని లేచాక పిల్లలు తినడం సమోవా వాళ్ళ మర్యాద. లగీ కళ్ళు మాత్రం కోడి మీంచి కదలడం లేదు.

"నేను తినకూడదండి, మా ఆఫీసు..." అని మొదలుపెట్టి, తెలెసియా మొహం చూసి, డోరీన్ ఒక చేమదుంప ముక్క తీసుకుంది. పలకలాంటి యంత్రం ఒళ్ళో పెట్టుకుని అడగడం మొదలుపెట్టింది.

పిల్లలకి మంచి బూట్లు రెండు జతలున్నాయా? ఉన్నాయి, అవిగో. రెండురోజులకొకసారైనా మాంసమో చేపో తింటారా? తెలెసియా బల్లకేసి చెయ్యి చూపించింది. ఖర్చు తగ్గించుకోవడానికి చలి ఓర్చుకున్నారా? లేదు. డబ్బు లేక డాక్టరు దగ్గరికి వెళ్ళడం మానుకున్నారా? లేదు. వంటింట్లోంచి దగ్గు వినపడింది. తెలెసియా గట్టిగా గిన్నె జరిపింది. బిల్లు కట్టడానికి తెలిసినవాళ్ళ దగ్గర అడిగి తెచ్చుకున్నారా? లేదు. ఒక్కో జవాబుకీ ఒక్కో తలుపు గడియ పెడుతున్నట్టు ఉంది ఆమెకి. అన్ని తలుపులూ వేసేస్తే పిల్లలు లోపలే ఉంటారు.

"ఇవి నీవేనా, బంగారం?" అని లగీని అడిగింది డోరీన్, గుమ్మం దగ్గర బూట్లు చూపించి.

"ఉంది," అంది లగీ.

డోరీన్ చిన్నగా నవ్వింది. ఆ బూట్లలో లగీ పాదాలు రెండూ ఒకేదాంట్లో పడతాయి. ఆవిడ అది చూసింది, చూసినట్టు తెలెసియా కూడా చూసింది. డోరీన్ మళ్ళీ పలకకేసి తల వంచింది.

"పోయిన నెలరోజుల్లో ఒంటరిగా ఉన్నానని మీకెప్పుడైనా అనిపించిందా?"

ఇలాంటి ప్రశ్న ఉంటుందని తెలెసియా అనుకోలేదు. దీనికి అరువు తెచ్చి పెట్టినదేదీ లేదు. "లేదమ్మా," అంది. "మాకు మనుషుల కరువేముంది? చర్చి ఉంది, చుట్టాలున్నారు. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ."

ఇంకో నాలుగు అడిగాక ప్రశ్నలు అయిపోయాయి. తెలెసియా చేతులు తుడుచుకుంటూ, మామూలుగా అడిగినట్టు అడిగింది. "ఇదంతా ఎవరికి చెప్తారు?"

"పేర్లు ఎవరికీ చెప్పనండి. చెప్తే నా ఉద్యోగం పోతుంది, కేసు కూడా. మీరన్నది మీ ఒక్కరి మాట కిందే ఉండదు. ఇలాంటి ఇళ్ళు చాలా ఉన్నాయి కదా, అన్నిటి దగ్గరికీ మేం వెళ్ళలేం. మీ ఇంట్లో ఉందంటే వాళ్ళ ఇళ్ళలోనూ ఉన్నట్టు లెక్క."

"పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళకి?"

డోరీన్ చెయ్యి పలక మీద ఆగిపోయింది. "వాళ్ళు వేరండి. నా దగ్గర్నుంచి వాళ్ళకి ఒక్క ముక్క కూడా వెళ్ళదు. మొదటిరోజే ఇది చెప్పాల్సింది నేను." సంచీలోంచి చిన్న కార్డు తీసి బల్ల మీద పెట్టింది. "ఏదైనా పొరపాటు చెప్పాననిపిస్తే సోమవారం లోపల ఫోను చెయ్యండి. నేనే వస్తాను. ఎవరూ ఏమీ అనరు."

తెలెసియా అప్పటికే కోడి రొమ్ముభాగం, దుంపలు రేకుకాగితంలో చుట్టేస్తోంది. పొట్లం ఆవిడ చేతుల్లో పెట్టి పైనుంచి తన చేతులతో మూసింది. డోరీన్ పొట్లాన్ని గుండెలకి ఆనించుకుని వానలోకి వెళ్ళింది.

చీకటి పడేలోపు తెలెసియా హీటరు ఎత్తుకుని లుపే ఇంటికి బయల్దేరింది. ఇంకా వెచ్చదనం పోలేదు. జ్వరపడ్డ పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఉంది.

"ఏమన్నావు?" అంది లుపే.

"అన్నీ ఉన్నాయన్నా."

"నేనూ అంతే అన్నా, పోయినేడు."

తెలెసియా హీటరు దించబోతూ అలాగే వంగి ఉండిపోయింది.

"ఆవిడే వచ్చింది. బూట్లు విప్పేసి లోపలికొస్తుంది, ఆవిడే కదూ? ఈ హీటరు నాదేమిటి, పాదిరిగారి భార్యది. లెక్కలావిడొచ్చేరోజుకని తెచ్చుకున్నా. ఇచ్చేద్దాం ఇచ్చేద్దాం అనుకుంటే ఏడాది గడిచింది. ఇచ్చినావిడా అడగలేదు, నేనూ ప్లగ్గు పెట్టలేదు. కరెంటు బిల్లు ఎవడు కడతాడు?" లుపే చేతులు దులుపుకుంది. "లెక్క ప్రకారం ఈ వీధిలో అందరం ఉన్నవాళ్ళమేనే."

ఇద్దరూ నవ్వారు. నవ్వు ముందు లుపేకే ఆగిపోయింది.

ఇంటికొచ్చేసరికి పరుపులు మళ్ళీ ముందుగదిలోకి వచ్చాయి. ఫెతూ దుప్పటి గడ్డం దాకా లాక్కుని గోడ దగ్గర ఉంది. హీటరు పెట్టినచోట నేల మీద అరచెయ్యి ఆనించి చూస్తోంది.

"అమ్మమ్మా, ఆవిడ మళ్ళీ ఎప్పుడొస్తుంది?"

"ఎందుకు?"

"ఊరికే."

శుక్రవారం స్కూలు నుంచి వస్తూనే ఫెతూ సంచీ కూడా దించకుండా చెప్పింది. స్కూలుకి నర్సు వచ్చింది. దగ్గే పిల్లలందరి గొంతుల్లో పుల్ల పెట్టి చూసింది. ఇల్లు చల్లగా ఉంటుందా, అందరూ ఒక్కచోటే పడుకుంటారా అని అడిగింది. చల్లగా ఉండే ఇళ్ళకి మంచాలూ తెరలూ ఇప్పించే మనుషులున్నారట, పేరు రాసుకోమంటావా అంది.

"నువ్వేమన్నావు?"

"నువ్వు చెప్పినట్టే చెప్పా." ఫెతూ మొహంలో బాగా చదివి వచ్చిన పిల్ల గర్వం. "మా ఇంట్లో హీటరు ఉంది, మాకు మంచాలున్నాయి, మాకేం వద్దు అన్నా. మంచిదమ్మా అని పక్క పిల్లని పిలిచింది."

తెలెసియా ఒళ్ళో మిగిలిన చాక్లెట్ల దండ ఉంది. కట్టిన ముడి మీదే మళ్ళీ ముడి వేసింది. గాజుకాగితం చిరిగి చాక్లెట్లు చాప మీద దొర్లాయి. ఏరుకోకుండా కూర్చున్న అమ్మమ్మని చూసి, అవి విరిగాయా అని లగీ అడగలేదు.

ఆఖరికి లేచి, ఫెతూని దగ్గరికి తీసుకుని, "సోమవారం నేనూ స్కూలుకొస్తా. నర్సుతో నేను మాట్లాడతా," అంది. చాక్లెట్ల డబ్బా మీద నుంచి కార్డు తీసింది. ఫోను పట్టుకుని వరండాలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. రింగవుతున్నంతసేపూ వీధి మలుపుకేసి, ఆ గడ్డిలో సైకిలున్న వైపుకేసి చూస్తూ నిలబడింది.

"ఒక మాట తప్పు చెప్పానమ్మా," అంది. తరవాత, "ఒకటి కాదు," అంది.

సోమవారం స్కూల్లో నర్సుతో మాట్లాడి వచ్చిన తరవాత తెలెసియాకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇంటికి డోరీన్ వస్తోంది, పొయ్యి మీద ఏమీ లేదు. రెండుసార్లు వంటింట్లోకి వెళ్ళి గిన్నె కడిగి మళ్ళీ బోర్లించింది. గోడ మీద బూజు అప్పుడే మళ్ళీ తల ఎత్తుతోంది. దానిమీద ఒక గుడ్డ వేలాడదీసింది, కాసేపు చూసింది, తీసేసింది. పరుపులు ఉన్నచోటే ఉంచింది. సన్నచాప మడిచి పరుపు కిందకి తోసింది. తన తల్లి బతికుంటే ఇలాంటి ఇంట్లోకి మనిషిని పిలిచినందుకు చెంప పగలగొట్టేది.

పిల్లలు స్కూలు నుంచి వచ్చిన కాసేపటికి లుపే వచ్చింది. గుమ్మంలో నిలబడి రెండు అరచేతులూ తెరిచి చూపించింది.

"నువ్వు చెప్పినట్టే ఏమీ తేలేదు," అంది. "ఏదో ఒకటి పట్టుకుని రెండుసార్లు బయల్దేరి, వెనక్కెళ్ళి పెట్టేసి వచ్చా. దారిలో ఉత్త చేతులతో ఎవరైనా చూస్తే ఏమనుకుంటారో అని పరిగెత్తాననుకో. ఈ వయసులో."

లుపే చేతులు ఖాళీగా ఉండగా తెలెసియా ఎప్పుడూ చూడలేదు. పరుపు మీద పక్కకి జరిగి చోటిచ్చింది. లుపే మూలుగుతూ కూలబడింది.

డోరీన్ వచ్చి బూట్లు విప్పింది. ఈసారి గుమ్మం దగ్గర చిన్న చెప్పులు రెండు జతలు, అంతే. గదిలో ఆవిడ ఊపిరి తెల్లగా కనిపించింది. పరుపుల్నీ, గోడల్నీ, ఉత్త బల్లనీ చూసి, ఏమీ చూడనట్టే కోటు గుండీల మీద చెయ్యి వేసింది. రాగానే కోటు తియ్యడం ఇక్కడి మర్యాదని నేర్చుకుని వచ్చిన మనిషి.

"కోటు తియ్యకండమ్మా," అంది తెలెసియా.

డోరీన్ గుండీ వదిలేసి పరుపు అంచున కూర్చుంది. ఫెతూ వంటింట్లోకి పోకుండా అక్కడే దగ్గింది. తెలెసియా లగీని ఒళ్ళోకి లాక్కుని నడుం చుట్టూ రెండు చేతులూ గట్టిగా వేసింది.

బూట్లు? లేవు. మాంసం? లేదు. చలి? అవును. డాక్టరు దగ్గరికి వెళ్ళడం మానుకున్నారా? మానుకున్నాం. ఒక్కో జవాబుకీ ఆ చేతులు ఇంకాస్త బిగిశాయి. లగీ కదలకుండా కూర్చుంది.

"పోయిన నెలరోజుల్లో ఒంటరిగా అనిపించిందా?"

పక్కనే లుపే ఉంది. లుపే కిటికీ బయటికి చూస్తోంది.

"రోజూ," అంది తెలెసియా.

డోరీన్ రాసుకుంది. లుపే కిటికీ వైపు నుంచి తల తిప్పకుండానే అడిగింది, "పోయినేడు ఇదే అడిగితే నేను లేదన్నాను. ఇప్పుడు మార్చుకోవచ్చా, అమ్మాయ్?"

"మీది వెళ్ళిపోయిందండి," అంది డోరీన్ మెల్లిగా. "పోయినేడే."

లుపే తలూపింది. దుప్పటి కొస పట్టుకుని తెలెసియా మోకాళ్ళ మీదికీ తన మోకాళ్ళ మీదికీ లాగింది.

"సరే," అంది. "తెలెసియాని తరవాతది అడుగు."